మూడు పూటలు చూసిన రంగు

ఫిబ్రవరి 2

చుక్కకు తాతయ్య రాసేది.

నీ ఉత్తరం మొన్న అందింది. ఫోన్‌లో నేను "ఊఁ" తప్ప ఇంకేమీ అననని, ఉత్తరమైతే నాలుగు మాటలు రాస్తానని రాశావు. చూద్దాం.

చదువు ఆఖరి ఏడాది కాబట్టి నువ్వు చేసిన పనులన్నీ ఒకచోట పెట్టి వెబ్‌సైటు చేశానన్నావు. ఇరవై ఆరో తేదీన ముగ్గురు పెద్దవాళ్ళు దాన్ని చూస్తారని, నచ్చితే వాళ్ళ దగ్గర ఏడాదిపాటు పని నేర్చుకునే సీటు ఇస్తారని, అది ఒక్కటే ఉందని రాశావు. వాళ్ళకంటే ముందు నన్ను చూడమన్నావు. గోడలకి రంగులు వేసుకున్నవాడికి ఇవేం తెలుస్తాయని మొహమాటపడ్డాను. తర్వాత, గోడ కూడా మనుషులు రోజూ చూసేదే కదా అనుకున్నాను.

నువ్వు చీటీ మీద రాసి పంపిన అడ్రసు ఒక్కో అక్షరం చూసుకుంటూ నొక్కాను. రెండుసార్లు తప్పు పోయింది. మూడోసారి తెరుచుకుంది. ఫోను మీ అమ్మ ఇచ్చిన పాతదే. దాని వెలుగు కళ్ళలో గుచ్చుతోందంటే, వీధి మలుపులో ఫోన్లు బాగుచేసే ఆయన ఏదో నొక్కి ఇచ్చాడు. అప్పట్నించి చల్లగా ఉంది. కబుర్లకి తప్ప నేను దాన్ని తీసేది లేదు. నీ సైటు కోసమే తీశాను.

ఒక్కసారి చూసి చెప్పడం నాకు చేతకాదు. కొత్త రంగు వేసే ముందు గోడ మీద జానెడు ముక్క వేసి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం దీపం పెట్టాక ఒకసారి చూసేవాణ్ణి. మూడు పూటలా నిలబడితేనే డబ్బా మూత తీసేవాణ్ణి. నీదీ అలాగే చూశాను. నిలబడింది.

ఆ నలుపు చాలా బాగుంది. ఉత్త నలుపు కాదు. అందులో ఒక చెంచా నీలం కలిపినట్టుంది. నలుపు వేయడానికి గుండె కావాలి. నా జన్మలో ఒక్క ఇంట్లోనే వేశాను, అదీ మెట్ల కింద. పేర్ల కింద ఆకాశం రంగు గీత గీశావు. ఆ నలుపుకి అదే సరి.

చుట్టూ ఖాళీ బాగా వదిలావు. ఇంటివాళ్ళు ఖాళీ గోడ కనబడితే ఊరుకోరు, ఏదో ఒకటి తగిలిస్తారు. కిటికీ ఉన్న గోడకి ఇంకేం అక్కర్లేదని వాళ్ళకి తెలీదు. నీకు తెలుసు. ఎవరు నేర్పారో గాని.

ఆసుపత్రి దారులు చూపించే బాణాలు చూశాను. మీ అమ్మమ్మ ఉన్న వార్డు కోసం ఆ రోజు మూడు అంతస్తులు ఎక్కి దిగాను. నీ బాణాలుంటే ఒకసారే ఎక్కేవాణ్ణి.

నా కుంచె బొమ్మ గీశావు. వెంట్రుకలు ఒకవైపు అరిగిపోయాయి చూడు, అది కూడా గీశావు. నేను ఎడమ చేత్తో వేస్తానని ఆ అరుగుదల చూస్తే తెలుస్తుంది.

నీ ఫొటోలో జుట్టు తెల్లగా, మొహం నీడగా పెట్టావు. ఈ కాలం పద్ధతి కాబోలు. నేను చాలాసేపు చూశాను.

నేను మెచ్చుకోవడం తక్కువ. ఇది మెచ్చుకోవడమే అనుకో.

మోకాళ్ళు పరవాలేదు.

తాతయ్య


ఫిబ్రవరి 6

తాతయ్యకు, ముక్కు మీది సున్నపు చుక్క రాసేది.

(నాలుగేళ్ళప్పుడు నీ సున్నం బకెట్‌లో మొహం పెట్టి తెచ్చుకున్న పేరు. ఇక్కడ హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక అసలు పేరు మర్చిపోతారు.)

నీ ఉత్తరం చదివి మొదట తికమకపడ్డాను. తాతయ్యా, నా సైటులో నలుపు ఎక్కడుంది? పేజీ అంతా మీగడ రంగు. అక్షరాలు సన్నటి బూడిద రంగు. పేర్ల కింద గీత ఇటుక రంగు. నీలం అన్నది నేను ముట్టుకోలేదు. నువ్వు వేరే ఎవరి సైటో చూశావనుకున్నాను. కానీ బాణాలు నావే, కుంచె నీదే, ఫొటో నాదే.

అమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించాను. అమ్మ పడీ పడీ నవ్వింది. "పిచ్చిమొహమా, అది మా నాన్న పద్ధతే" అంది. అప్పుడు చెప్పింది. నువ్వు ఏ ఇంటివాళ్ళకీ "ఈ రంగు బాగోదు" అని చెప్పేవాడివి కాదట. ఒకాయన ఇరుకు గదికి వంకాయ రంగు కావాలని పట్టుబడితే, నువ్వు తల గోక్కుని, "సరేనండి, మీరన్నట్టే ఆ లేత బూడిదే వేద్దాం" అన్నావట. ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టావు. ఆయన కాసేపు ఆలోచించి, "అవును, అదే వెయ్" అన్నాడట. ఇల్లు పూర్తయ్యాక ఆ బూడిద రంగు తన ఎంపికేనని చుట్టాలందరికీ చెప్పుకున్నాడట. అమ్మకి పెళ్ళి చీర కొన్నప్పుడు కూడా అలాగే చేశావట కదా.

అయితే నాకూ అదే చేశావన్నమాట. లేని నలుపుని మెచ్చుకున్నావు.

నాకు కోపం రాలేదు. నిజంగా రాలేదు. ఎందుకంటే నువ్వు పట్టేశావు. మా మేడమ్ మాతో ఒక నోటుపుస్తకం రాయిస్తుంది. దాని పేరు "ఎందుకు". ప్రతి రంగుకీ, ప్రతి గీతకీ, ప్రతి ఖాళీకీ ఎదురుగా ఎందుకు పెట్టామో ఒక వాక్యం రాయాలి. మీగడ రంగు ఎదురుగా నేను "మెత్తగా ఉంటుంది కాబట్టి" అని రాశాను. బూడిద అక్షరాల ఎదురుగా "హుందాగా ఉంటాయి కాబట్టి" అని రాశాను. నీ ఉత్తరం వచ్చాక మళ్ళీ చదువుకుంటే అవి రెండూ నా మాటల్లా లేవు. నా క్లాసులో పదకొండు మంది అవే రంగులు వేశారు. నేను ఎవరి కంటా పడకుండా ఉండాలని వేశాను. నలుపు వేయడానికి గుండె కావాలన్నావు. నాకు అది లేదని నొప్పి తెలియకుండా చెప్పావు.

అందుకని రెండు రోజులు కూర్చుని మొత్తం మార్చేశాను. నలుపు, చెంచా నీలంతో. అక్షరాలు లేత రంగు. పేర్ల కింద ఆకాశం రంగు గీత. ఫొటో కూడా తీసేశాను. జుట్టు తెల్లబడి, మొహం నీడపట్టినట్టు కనిపించానంటే ఆ రోజు నిద్ర లేక అంత ముసలిదానిలా ఉన్నానన్నమాట. నువ్వు చెప్పకపోతే అదే పెట్టి నవ్వులపాలయ్యేదాన్ని.

చీటీలో రాసిన పాత అడ్రసే. మళ్ళీ మూడు పూటలా చూడు.

నీ చుక్క


ఫిబ్రవరి 9

చుక్కకు,

ఉత్తరం అందింది. చూశాను.

బాగానే ఉంది. కానీ నా మాట పట్టుకుని మార్చాల్సింది కాదు. నీ మొదటిదే ఉంచు. నువ్వు అనుకున్నదే సరైంది. ఫొటో కూడా తీయకు.

మిగతా విషయాలు ఏమీ లేవు. కింద రంగుల షాపాయన నిన్ను అడిగాడు. మెట్లకి కొత్త కమ్మీ వేయిస్తున్నారు.

ఉంటాను.

తాతయ్య


ఫిబ్రవరి 13

తాతయ్యకు,

నీ ఉత్తరంలో వాక్యాలు లెక్కపెట్టాను. పదకొండు. అందులో మూడు షాపాయన గురించి, మెట్ల గురించి, "ఉంటాను" గురించి. నా రెండు రోజుల పనికి ఎనిమిది వచ్చాయి.

నీకు నచ్చలేదు. "బాగానే ఉంది" అంటే ఏమిటో నాకు తెలీదా? చిన్నప్పుడు నేను ముగ్గు డబ్బా మీద రాక్షసి బొమ్మ వేసినప్పుడు "బాగుంది" అన్నావు. "బాగానే" అనలేదు.

ఇప్పుడు నాకు ఏది నమ్మాలో తెలియడం లేదు. "నీ మొదటిదే ఉంచు" అన్నది కూడా నీ పద్ధతేనా? అంటే మొదటిదీ వద్దు, రెండోదీ వద్దు, మూడోది ఏదో నీ మనసులో ఉందనా? అమ్మని అడిగితే ఈసారి తనకీ అంతు పట్టలేదు.

ఇక్కడ సంగతి చెబుతాను. నలుపు సైటుని క్లాసులో గోడ మీది పెద్ద తెర మీద వేశాను. పిల్లలందరూ బాగుందన్నారు. పక్కమంచం అమ్మాయి అసూయపడింది, అంటే నిజంగానే బాగుందని అర్థం. మేడమ్ మాత్రం "ఎందుకు" పుస్తకం తెరిచింది. నలుపు ఎదురుగా నేను ఒక్క ముక్క రాశాను: తాతయ్య. నీలం ఎదురుగా కూడా: తాతయ్య. ఫొటో లేకపోవడం ఎదురుగా: తాతయ్య.

మేడమ్ కళ్ళజోడు తీసి, "ఈ సైటు ఎవరిది?" అంది.

నాదే అన్నాను.

"అయితే ఇరవై ఆరున ముగ్గురి ముందు మీ తాతగారు వచ్చి నిలబడతారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత బాత్‌రూములోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

తాతయ్యా, నేను ఇంటి యజమానిని కాను. నా నోట్లో మాట పెట్టకు. నీ నోటితో చెప్పు. బాగోలేకపోతే బాగోలేదను. ఇంకా పదమూడు రోజులే ఉన్నాయి. నాకు ఆ సీటు కావాలి. ఆసుపత్రులకీ బస్‌స్టాండ్లకీ దారులు చూపించే బోర్డులు చేసే చోటు అది. నేను అడుగుతున్నది నిన్ను ఎందుకంటే, నేను చూసిన మనుషుల్లో రంగు తెలిసినవాడివి నువ్వొక్కడివే.

చుక్క


ఫిబ్రవరి 17

చుక్కకు,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. ఇది నాలుగోది. నా ఎనిమిదో తరగతి చదువుకి ఇంత పొడుగు ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే సర్దుకో.

మీ అమ్మ చెప్పింది నిజమే. ముప్ఫై ఏళ్ళు ఇంటివాళ్ళతో అలాగే మాట్లాడాను. ఎదుటివాళ్ళకి కాదని చెప్పాలంటే నాకు నోరు పెగలదు. కానీ నీతో అలా మాట్లాడలేదు. నలుపు ఉందని రాశానంటే నాకు నలుపే కనిపించింది. నీలం ఉందన్నానంటే నీలమే కనిపించింది.

అదే నా భయం.

నేను మోకాళ్ళ వల్ల పని మానేశానని మీ అందరికీ చెప్పాను. మోకాళ్ళు కాదు. రెండేళ్ళ కింద ఒక మేష్టారి ఇంట్లో హాలు పైకప్పుకి తెలుపు వేస్తున్నాను. సగంలో డబ్బా అయిపోయింది. రెండో డబ్బా తెరిచి మిగతా సగం వేశాను. అది మీగడ రంగు డబ్బా. నాకు రెండూ ఒకటిలాగే కనిపించాయి. సాయంత్రం ఆ ఇంటావిడ లైటు వేసి తలెత్తి చూసింది. నేనూ చూశాను. నాకు తేడా తెలియలేదు. ఆవిడ నా వైపు తిరిగి, "మేమన్నట్టే రెండు రంగులు వేశారే, బాగుంది" అంది.

నా విద్య నాకే తిరిగొచ్చింది. ఆవిడ మంచిది. నేను నిచ్చెన దిగి రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మర్నాడు డబ్బా మీది పేరు రెండుసార్లు చదువుకుని పైకప్పు మొత్తం మళ్ళీ వేసి ఇచ్చాను. ఆ నిచ్చెన దిగినవాణ్ణి మళ్ళీ ఎక్కలేదు.

ఇంటింటికీ వెళ్ళి ఇది తెలుపమ్మా, ఇది మీగడమ్మా అని చెప్పి బతికినవాణ్ణి. కన్ను పోయిందని ఎలా చెప్పను? మోకాలంటే ఎవరూ జాలిపడరు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు మీగడ రంగు వేశానన్నప్పుడు నాకు నలుపు కనిపించింది. నలుపు వేశానని రాశాక చూస్తే తెలుపు కనిపిస్తోంది. పొద్దునా తెలుపే, మధ్యాహ్నమూ తెలుపే, సాయంత్రమూ తెలుపే. సూదుల్లా గుచ్చుతోంది. కళ్ళలో నీళ్ళు కారి అక్షరాలు ఒక్కటీ చదవలేకపోయాను. గీతలు ఇటుక రంగులో ఉన్నాయి. చదవలేకపోయానని రాయడానికి సిగ్గేసి "బాగానే ఉంది" అని రాశాను. నువ్వు ఆ "నే" పట్టుకున్నావు.

తర్వాత కింద షాపుకి వెళ్ళి, రంగుల అట్ట తెచ్చుకుని, పేర్లు చేత్తో మూసి ఒక్కొక్కటీ చెప్పుకున్నాను. తెలుపు, మీగడ దగ్గర తప్పాను. మిగతావన్నీ సరిగ్గానే చెప్పాను. కిటికీలోంచి కాకిని చూశాను. నల్లగానే ఉంది. పాల గిన్నె తెల్లగానే ఉంది. నీ సైటు దగ్గరికి వస్తేనే నా చూపు తలకిందులవుతోంది. ఇది కన్నో, బుర్రో నాకు తెలియడం లేదు. మా నాన్న చివరి రోజుల్లో పగలుని రాత్రి అనేవాడు.

కాబట్టి నా మాట మీద ఏ రంగూ ఉంచకు, ఏ రంగూ తీయకు. మీ మేడమ్ సరిగ్గా అడిగింది. అది నీ గోడ.

నాకు బాధ ఒక్కటే. ఎన్నడూ మనసారా మెచ్చుకోనివాణ్ణి, ఒకసారి మెచ్చుకుంటే అది లేనిదాన్ని మెచ్చుకున్నట్టయింది. ఖాళీ మాత్రం నిజం. బాణాలు నిజం. కుంచె నిజం. వాటికి రంగుతో పని లేదు. అవి మెచ్చుకున్నాను, మళ్ళీ మెచ్చుకుంటున్నాను.

ఫొటో గురించి కూడా చెప్పేస్తాను. నువ్వు ముసలిదానిలా ఉన్నావని నేను అనలేదు. మీ అమ్మమ్మ సాయంత్రం పూట కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. వెలుగు వెనకనుంచి పడేది. మొహం నీడలో ఉండి జుట్టు ఒక్కటే వెలిగేది. నేను పని నుంచి వచ్చి చేతులు కడుక్కునేటప్పుడు రోజూ అలాగే కనిపించేది. తను పోయాక ఏ ఫొటోలోనూ నాకు ఆ మనిషి దొరకలేదు. అన్నిటిలోనూ ఫొటో కోసం కూర్చున్నట్టు ఉంటుంది. నీ ఫొటోలో దొరికింది. నువ్వు తల పక్కకి తిప్పి నవ్వు ఆపుకుంటావు చూడు, అది తనదే. జుట్టు తెల్లగా ఉండేసరికి తనే అయిపోయింది. మూడు పూటలా అందుకే చూశాను. రంగులు ఒక వంక.

వీలైతే ఆ ఒక్కటీ తిరిగి పెట్టు. నా కన్ను ఎలా చూపించినా సరే.

ఇదంతా మీ అమ్మకి చెప్పకు.

తాతయ్య


ఫిబ్రవరి 20

తాతయ్యా,

ఈ ఉత్తరం త్వరగా చేరేలా పంపుతున్నాను. ఫోన్ చేద్దామని రెండుసార్లు తీశాను. నువ్వు "ఊఁ" అని పెట్టేస్తావు, నేను ఏడ్చేస్తాను. అందుకని రాస్తున్నాను.

నీ బుర్ర బాగుంది. నీ కన్ను తలకిందులు కాలేదు. నీ ఫోను తలకిందులైంది.

జుట్టు తెల్లగా, మొహం నీడగా అని మళ్ళీ చదివినప్పుడు తట్టింది. పాత కెమెరా రీలు వెలుగులో పెట్టి చూస్తే ఎలా ఉంటుంది? నలుపు తెలుపై, తెలుపు నలుపై ఉంటుంది కదా. ఆ ఫోన్లాయన నీ కళ్ళలో గుచ్చకుండా వెలుగు తగ్గించలేదు. రంగులన్నీ తిరగేసే మీట నొక్కాడు. తెల్లటి తెర నల్లగా అయింది, నీకు చల్లగా అనిపించింది. నువ్వు కబుర్లకి తప్ప దాన్ని తీయవు కాబట్టి తెలియలేదు. మీగడ రంగు వేసినప్పుడు నీకు నలుపు చూపించింది. నేను నలుపు వేశాక తెలుపు చూపించింది. నా ఇటుక గీత నీకు ఆకాశం రంగయింది.

నా ఫోన్‌లో కూడా ఆ మీట ఉంది. నొక్కి, నా మొదటి సైటుని మళ్ళీ తెరిచాను. నువ్వు రాసింది రాసినట్టు ఉంది. ఒక్క రంగు కూడా తప్పు చెప్పలేదు. ఇంకో మాట విను. ఉత్త తెలుపుని తిరగేస్తే ఉత్త నలుపే వస్తుంది. మీగడని తిరగేస్తే నలుపులో కొంచెం నీలం కలుస్తుంది. నువ్వు చెంచా నీలం ఉందని రాశావు. అంటే తిరగేసిన ఫోన్‌లో, మసకబారిన కంటితో, నా మీగడ రంగుని నువ్వు పట్టుకున్నావు. మా క్లాసులో చూపిస్తే ఒక్కళ్ళు కూడా ఆ నీలం కనిపెట్టలేదు. మేడమ్‌తో సహా.

తర్వాత ఫొటో చూశాను. అమ్మమ్మ. నేను లైబ్రరీ మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఇప్పుడు నా సైటు. నలుపు తీసేశాను. అది నీ పద్ధతిలోంచి వచ్చిందీ కాదు, నా ధైర్యంలోంచి వచ్చిందీ కాదు, ఒక మీటలోంచి వచ్చింది. మీగడ రంగు తిరిగి వేశాను. ఫొటో కూడా పెట్టేశాను. కానీ అక్షరాలు బూడిద రంగు కావు. బొగ్గు రంగు, లావుగా, ఇదివరకటికంటే పెద్దగా. ఎందుకంటే నా పాత బూడిద అక్షరాలు ఆ మీగడ మీద నీ కంటికి కనిపించేవి కావు. తిరగేసిన ఫోను పుణ్యాన చదివావు. దారి చూపించే బోర్డులు చేస్తానని సీటు అడుగుతూ, మా తాతయ్య చదవలేని అక్షరాలు పెట్టుకుని కూర్చున్నాను. హుందాతనమట.

పేజీ పైన కుడిమూల చిన్న బొత్తాం పెట్టాను. నొక్కితే పేజీ మొత్తం రంగులు తిరగబడతాయి, ఫొటోతో సహా. తెలుపు గుచ్చే కళ్ళకి అది. ఇంకోసారి నొక్కితే మామూలవుతుంది. "ఎందుకు" పుస్తకంలో ఈసారి తాతయ్య అని ఒక్క ముక్క రాసి ఊరుకోలేదు. రెండు పేజీలు రాశాను. మేడమ్ చదివి, పుస్తకం మూసి, "ఇప్పుడిది నీ సైటు" అంది. ఆపైన ఆమె కూడా బొత్తాం నొక్కి చాలాసేపు ఫొటో చూసింది.

నువ్వు చెయ్యాల్సినవి రెండు. ఆ ఫోన్లాయన దగ్గరికి వెళ్ళి రంగులు సరిచేయించుకో. మొహమాటపడకు, ఆయన నొక్కిందే ఆయన మళ్ళీ నొక్కాలి. రెండోది కళ్ళ డాక్టరు. వెలుగు గుచ్చడం, మీగడకీ తెలుపుకీ తేడా తెలియకపోవడం, అది శుక్లం అంటారట. మేడమ్ వాళ్ళ నాన్నగారికి తీశారు. మర్నాడు లేచి కిటికీ కర్టెన్లు మాసిపోయాయని పోట్లాడారట.

అమ్మకి చెప్పొద్దన్నావు. చెప్పను. నీకు వారం రోజులు టైమిస్తున్నాను. నువ్వు చెప్పకపోతే అమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వన్నట్టే తాతయ్యని కళ్ళ డాక్టరుకి చూపిద్దాం" అంటాను. ఆపైన నీ ఇష్టం.

నీ చుక్క


ఏప్రిల్ 9

చుక్కకు తాతయ్య రాసేది.

మీ అమ్మ ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, "నేను ఎప్పట్నించో అంటున్నట్టే కళ్ళ ఆసుపత్రికి పోదాం నాన్నా" అంది. ఆవిడ ఎప్పుడూ అనలేదు. ఎవరి పనో తెలిసి నవ్వొచ్చింది. చొక్కా మార్చుకుని వెంట వెళ్ళాను.

ఒక కన్ను అయింది. రెండోది వచ్చే నెల. ఆసుపత్రిలో బాణాలు బాగోలేవు. రెండుసార్లు బట్టలుతికే గదిలోకి వెళ్ళాను. నీతో చేయించమని అక్కడి నర్సుతో అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు.

నీకు సీటు వచ్చిందని మీ అమ్మ కట్టు విప్పకముందే చెప్పింది. ముగ్గురిలో పెద్దాయన ముందు కళ్ళు చిట్లించి, బొత్తాం నొక్కాక కుర్చీ దగ్గరికి లాక్కున్నాడట. సంతోషం. ఇంతకంటే రాయడం నాకు రాదు.

కట్టు విప్పాక ఇంటికొచ్చి గోడ చూశాను. నేను నా గదికి తెలుపు అనుకుని వేసుకున్నది మీగడ. మూడేళ్ళ నుంచి మీగడలో ఉంటున్నాను. షాపాయనకి తెలుసట. నేను బాధపడతానని చెప్పలేదట. ఈ లోకంలో ఎవరూ ఎవరికీ సూటిగా చెప్పరు.

ఫోన్లాయన రంగులు సరిచేశాడు. నీ సైటు తెరిచాను. మొదటిసారి చూసినట్టే లెక్క. పొద్దున చూశాను, మధ్యాహ్నం చూశాను. మీగడలో పసుపు ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. ఆ పాళ్ళు కలపడానికి నాకు పదేళ్ళు పట్టింది. అక్షరాలు చెయ్యి చాచకుండా చదివాను. ఖాళీ అలాగే ఉంచావు. అప్పుడు రంగు చూడకుండా మెచ్చుకున్నాను. ఇప్పుడు చూసి మెచ్చుకుంటున్నాను.

సూటిగా చెప్పమన్నావు కాబట్టి ఒకటి చెబుతాను. ఇటుక రంగు గీత లావుగా ఉంది. బాగోలేదు. సగం చెయ్యి.

ఇది రాసి చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. కాదని చెప్పడం ఇదే మొదలు. పరవాలేదు, ఏమీ కాలేదు.

సాయంత్రం దీపం పెట్టాక చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటాను. అప్పుడు మాత్రం ఆ మూల బొత్తాం నొక్కుతాను.

తాతయ్య